కంది కుప్ప కాలిన ఏడు

పోయిన వారం మా గల్లీలో నవ్వులపాలయ్యాను. పొద్దున్నే రొట్టెలకు జొన్నపిండి కలుపుతుంటే కిటికీలోంచి కందికట్టె కాలుతున్న వాసన వచ్చింది. అంతే. చేతికి పిండి అంటుకునే ఉంది, బకెట్టు నీళ్ళు ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తాను. ఎదురింట్లో కోహీర్ నుంచి కొత్తగా వచ్చి దిగినవాళ్ళు వాకిట్లో మూడు రాళ్ళు పెట్టి స్నానాలకు నీళ్ళు కాగబెట్టుకుంటున్నారు. ఆ ఇంటి కోడలు నన్నూ నా బకెట్టునూ చూసి బెదిరిపోయింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదు బిడ్డా. పొగ వాసన వస్తే ఏడన్న అంటుకున్నదేమో అనుకున్న."

నా మనవరాలు గుమ్మంలో నిలబడి పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. అరవై దాటాయి నాకు. మెట్లెక్కాలంటేనే మోకాళ్ళు పట్టేస్తాయి. నీళ్ళ బకెట్టుతో ఎట్లా ఉరికానో నాకే తెలియదు. ఆ కట్టె వాసన ముక్కుకు తగిలితే చాలు, నేను మళ్ళీ పదమూడేళ్ళ పిల్లనవుతాను.

మాది ఝరాసంగం దిక్కు ఒక చిన్న పల్లె. ఊరి చివర మా వాడ, వాడ నడుమ పెంకుల కప్పుతో చిన్న చర్చి. గంట కొనలేక వేపకొమ్మకు ఇనుప ముక్క వేలాడదీసి దాన్నే కొట్టేవారు. కొట్టేది మా నాయన. ఆయన ఊరి పటేలు దగ్గర జీతం ఉండేవాడు. జీతం అంటే ఏడాది పొడుగునా పటేలు చేలల్లో పని, పటేలు కొలిచిపోసిన జొన్నలతో మా తిండి. వారమంతా వంగి ఉండే మనిషి ఆదివారం ఉతికిన పంచె కట్టి, సంఘ పెద్దగా అందరి ముందు నిలబడి వాక్యం చదివేవాడు. పెద్దయ్యాక నేర్చుకున్న చదువు. ఒక్కో మాట దగ్గర ఆగి, వేలు పెట్టి, తడుముకుని చదివేవాడు. ఆ కాసేపు మా నాయన పటేలు కంటే పొడుగ్గా ఉన్నట్టు అనిపించేది.

చలికాలం పొద్దుల్లో అవ్వ రొట్టెలు కొట్టే చప్పుడుకే మాకు మెలకువ వచ్చేది. అవ్వంటే నాయనను కన్నతల్లి. మొదటి రొట్టె పొయ్యిలోంచి తీసి, ఎల్లిపాయ కారం మీద కుసుమ నూనె నాలుగు చుక్కలు వేసి నా చేతిలో పెట్టేది. తమ్ముడు ఏడ్చేవాడు. "అది బడికి పోవాలె, నువ్వు ఏడికి పోవాలెరా?" అని వాణ్ణి కసిరేది.

ఆ ఏడు నేను సంఘంలో సభ్యత్వం తీసుకోవాలి. మొదటిసారి పెద్దలతో పాటు ప్రభు బల్ల ముందు మోకరించి రొట్టె తీసుకోవాలి. దానికి ముందు పిల్లలకు పాఠాలుండేవి. పాస్టరుగారు ప్రతి బుధవారం జహీరాబాద్ నుంచి సైకిలు మీద వచ్చేవారు. పంచె అంచుకు మట్టి, చేతిసంచిలో పిప్పరమెంట్లు. చర్చి ముందు దుమ్ములో పుల్లతో రెండు గీతలు గీసేవారు. ఒకటి జహీరాబాద్ పోయే పెద్ద రోడ్డులా వెడల్పు, ఇంకోటి చేను గట్టులా సన్నం. వెడల్పుది సులువే కానీ నాశనానికి, సన్నది కష్టమే కానీ జీవానికి పోతుందని చెప్పేవారు.

"ఎవరు ఏ దారిన పోతరు?"

"సన్నదారి అయ్యగారూ!" అని అందరికంటే ముందు నేనే అరిచేదాన్ని. సరైన జవాబుకు పిప్పరమెంటు. ఎక్కువ పిప్పరమెంట్లు నాకే వచ్చేవి. పక్కింటి పిల్ల, నా జోడుది, మూతి ముడుచుకునేది. దానికి సగం కొరికి ఇచ్చేదాన్ని.

ఊళ్ళో మేకల తాత అని ఒకాయన ఉండేవాడు. ఎప్పుడో కర్ణాటక దిక్కు నుంచి వచ్చి ఊరి బయట గుడిసె వేసుకున్నాడు. పెళ్ళాం పిల్లలు లేరు. పదిహేను మేకలు, ఒక గొంగడి, నోట్లో ఎప్పుడూ బీడీ. మా తెలుగులో వాళ్ళ కన్నడం కలిపి మాట్లాడేవాడు. ఆడపిల్లలనందరినీ 'తంగీ' అనేవాడు, వాళ్ళ భాషలో చెల్లీ అని.

సంక్రాంతి దాటిన రోజులు. కంది కోతలైపోయి, పటేలు కంది అంతా కళ్ళంలో ఇల్లంత కుప్ప వేశారు. కొట్టి గింజ తీయడమే మిగిలింది. కళ్ళం పక్కనే జొన్నచేను, కంకులు పాలు గట్టిపడి ఊసబియ్యానికి వచ్చాయి. లేత జొన్న కంకులు కాల్చి, వేడి మీదే అరచేతుల్లో నలిపి, పొట్టు ఊది తినేదే ఊసబియ్యం. ఆ రుచి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళకు చెప్పలేను.

ఒక సోమవారం తాత మేకలు నాలుగు ఆ జొన్నలో పడ్డాయి. పటేలు మనుషులు మందనంతా తోలుకుపోయి బందెలదొడ్డిలో పెట్టారు. తాత పటేలు వాకిట్లో నిలబడి బతిమిలాడాడు. వినలేదు. వెనక్కి తిరిగి పోతూ పోతూ, కడుపుమంటతో అరిచాడు.

"మూగజీవాల ఉసురు తగుల్తది. నీ కళ్ళం బూడిద గాను!"

ఊరంతా విన్నది.

మర్నాడు మధ్యాహ్నం. కళ్ళం కాపలా నాయనది. కానీ ఆదివారం ప్రభు బల్ల ఉంది కదా, చర్చికి సున్నం వేయాలి. వాడలో మగవాళ్ళంతా ఆ పని మీదున్నారు. సంఘ పెద్ద లేకపోతే ఎట్లా? నేను సద్ది పట్టుకుపోతే, నాయన తిన్నాక నా చేతికి కర్ర ఇచ్చాడు.

"జరసేపు చూస్తుండు బిడ్డా. పశువులు రాకుంట. గిట్ల పోయి గట్ల వస్త. పటేలు అడిగితే నీళ్ళు తాగ పోయిండని చెప్పు."

ఆయన అటు పోవడం, పక్కింటి పిల్ల ఇటు రావడం ఒక్కటే అయింది. ఓణీ కొంగులో ఉప్పుకారం, అగ్గిపెట్టె. పది కంకులు విరిచాం. గాలి బాగా కొడుతోంది, అగ్గి నిలవడం లేదు. కుప్ప చాటుకు పోతే గాలి తగలదని చెప్పింది నేనే. రాలిన కందాకు, పుల్లలు పోగేసి అంటించాం. చేతులు కాలుతుంటే ఎగరేస్తూ, మూతులకు మసి పూసుకుని తిన్నాం. మిగిలిన నిప్పు మీద రెండు దోసిళ్ళ మన్ను పోశాను. ఆరిపోయిందనుకున్నాను. కారానికి నోరు మండి బావి దగ్గరికి పరిగెత్తాం.

నీళ్ళు తాగి తల ఎత్తేసరికి కళ్ళం మీద పొగ లేచింది. మొదట సన్నగా. తర్వాత ఒక్కసారిగా భగ్గుమన్న చప్పుడు వినిపించింది. ఎండిన కంది ఎట్లా కాలుతుందో చూసినవాళ్ళకే తెలుసు. కాయలు పేలుతుంటే పిడికెడు గులకరాళ్ళు రేకుల మీద విసిరినట్టుంది. పక్కింటి పిల్ల నా చెయ్యి విడిపించుకుని వాడ వైపు పరిగెత్తింది. నేను బకెట్టు చేది, పరిగెత్తి, పోసి, మళ్ళీ చేదాను. ఊరంతా వచ్చింది. ఎవరూ కుప్ప దగ్గరికి పోలేకపోయారు. చూస్తుండగానే నల్లటి నేల మిగిలింది.

నాయన మోచేతుల దాకా సున్నంతో పరిగెత్తుకొచ్చాడు. పటేలు రాకముందే ఆ చేతులు మట్టిలో రుద్దుకోవడం నేను చూశాను.

పటేలు చెడ్డవాడని చెప్పలేను. కోపిష్టి. ఆ రోజు కోపం కూడా లేదు ముఖంలో. కాలిన నేలను చూసి, నాయన వైపు తిరిగాడు.

"నువ్వు ఏడున్నవురా?"

"ఈడనే ఉన్న పటేలా. నీళ్ళు తాగనీకి బాయికాడికి పోయిన, అంతే."

గుంపులోంచి ఎవరో మేకలాయన మాట ఎత్తారు. నిన్ననే శాపం పెట్టిండు కదా అన్నారు. ఇంకెవరో అవునన్నారు. పటేలు మళ్ళీ నాయననే అడిగాడు.

"వాడు ఇటు దిక్కు వచ్చిండా?"

నాయన నా వైపు చూడలేదు. ఎవరి వైపూ చూడలేదు. "పొద్దుగాల... ఆ గట్టు మీద కనవడ్డడు పటేలా" అన్నాడు.

అది అబద్ధం కాదు. మేకలు బందెలదొడ్డిలో ఉన్న మనిషి పొద్దంతా ఆ గట్టు మీదే తిరిగాడు. కానీ ఆ మాట మీదే సాయంత్రానికి తాత రెండు చేతులూ తాడుతో కట్టి చావడిలో కూర్చోబెట్టారు. గురువారం పొద్దున పంచాయితీ. ఒప్పుకోకపోతే జహీరాబాద్ ఠాణా.

ఆ రాత్రి నేను రొట్టె ముట్టలేదు. తెల్లవారి పక్కింటి పిల్ల గోడ చాటుకు పిలిచింది.

"చెప్తవా ఏంది?"

"ఏమో."

"చెప్పకే. మీ నాయన జీతం పోతది. మిమ్ములను ఊర్ల ఉండనియ్యరు. నన్ను మా అమ్మ చంపుతది." నా చెయ్యి తీసి తన నెత్తిమీద పెట్టుకుంది. "నా మీద ఒట్టు వెయ్యి."

చెయ్యి లాక్కున్నాను. ఒట్టు వేయలేదు, వేయనని కూడా అనలేదు.

అవ్వ ఇచ్చిన రొట్టె ఓణీలో దాచి చావడికి పోయాను. కాపలా మనిషి అరుగు మీద కునుకుతున్నాడు. తాత పెదవి వాచి ఉంది. రొట్టె ఆయన ఒళ్ళో పెట్టాను. కట్టిన చేతులతోనే దాన్ని పట్టుకుని, నా ముఖం చూశాడు.

"నువ్వు తిన్నవా తంగీ?"

తల అడ్డంగా ఊపాను. కష్టపడి రొట్టె రెండు ముక్కలు చేసి, పెద్ద ముక్క నా చేతిలో పెట్టాడు. "తిను. పిల్లలు ఉపాసముండొద్దు" అన్నాడు. ఆ ముక్క పట్టుకుని అక్కణ్ణుంచి ఎట్లా వచ్చానో గుర్తులేదు.

ఆ బుధవారమే పాస్టరుగారు వచ్చారు. సున్నం వాసన ఇంకా పోని చర్చి ముందు ఎప్పటిలాగే రెండు గీతలు గీసి అడిగారు. నేను నోరు తెరవలేదు. పక్కింటి పిల్ల కూడా తెరవలేదు. ఇంకెవరో చిన్నపిల్ల జవాబు చెప్పి పిప్పరమెంటు తీసుకుంది. అందరూ పోయాక ఆయన సైకిలు దగ్గరికి పోయి నిలబడ్డాను.

"అయ్యగారూ, రెండు దార్ల నడుమ ఇంకోటి ఉండదా? ఏం మాట్లాడకుంట, ఎవలకు చెడ్డ చెయ్యకుంట, ఊకె ఉండేది?"

ఆయన ఎక్కబోతున్న సైకిలు మళ్ళీ గోడకు ఆనించారు. చావడిలో మనిషి సంగతి అప్పటికే విన్నారేమో.

"నేను కూడ శానసార్లు వెతికిన తల్లీ ఆ దారి" అన్నారు. "నువ్వు ఊకె ఉన్నంతసేపు ఇంకొకరు దెబ్బలు తింటుంటే, నువ్వు ఊకె ఉన్నట్టు కాదు." ఎవరు, ఏమిటి అని అడగలేదు. నా తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, సైకిలెక్కి వెళ్ళిపోయారు. అప్పుడు నాకు ఆయన మీద కోపం వచ్చింది. అడిగి ఉంటే చెప్పేసేదాన్ని, భారం ఆయన మీద పడేది.

మునిమాపు వేళ నాయన పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్నాడు.

"నాయనా, ముసలాయన కాదు. నేనే."

"ఏంది నువ్వే?"

"కుప్ప చాటుకు ఊసబియ్యం కాల్చిన. మన్ను కప్పిన గని..."

చెంబు జారి రాయి మీద పడింది. చెంప మీద ఒకటి పడింది. అంతకుముందు ఎన్నడూ నాయన నన్ను కొట్టలేదు.

"ఎవలకన్న చెప్పినవా?"

"లేదు."

"చెప్పకు. నోరు తెరిస్తే ఈ ఊర్ల మనకు మెతుకు పుట్టది. అవ్వ ఏడికి పోతది? తమ్ముడు ఏం తింటడు?"

"మరి తాత?"

"ఆయనకు ఎవలున్నరు? నాలుగు దెబ్బలు తింటడు, పోతడు. మనం అయిదుగురం."

అన్నాక ఆ మాట తనకే వినబడినట్టు ఆగిపోయాడు. తడి చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాడు. వెనక గడపలో అవ్వ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విన్నదో తెలియదు.

"ఆదివారం ఆ వాక్యం పుస్తకం ఎట్ల పట్టుకుంటవు కొడుకా?" అన్నది. అంతే, లోపలికి పోయింది.

గురువారం పొద్దున నాయన నాతో మాట్లాడకుండానే చావడికి పోయాడు. అమ్మ నన్ను ఇంట్లోనే ఉండమన్నది. ఆమె నీళ్ళకు పోగానే బయల్దేరాను.

చావడి నిండా మనుషులు. పటేలు మంచం మీద, ఎదురుగా నేల మీద తాత. ఆడవాళ్ళు ఒక గోడకు. వాళ్ళలో పక్కింటి పిల్ల, దాని భుజం మీద వాళ్ళమ్మ చెయ్యి.

"ఆఖరుసారి అడుగుతున్న" అన్నాడు పటేలు.

"నోటితోని అన్న. చేతితోని చెయ్యలే" అన్నాడు తాత.

పటేలు నాయన వైపు తిరిగాడు. "నువ్వు చూసినవు గద. చెప్పు అందరి ముందర."

నాయన లేచి నిలబడ్డాడు. తలగుడ్డ సర్దుకున్నాడు, మళ్ళీ సర్దుకున్నాడు. ఆ క్షణం దాకా నేనూ అనుకుంటూనే ఉన్నాను, ఏదో ఒకటి జరుగుతుంది, ఎవరో ఒకరు వస్తారు, నేను మాట్లాడకుండా పోతుందని. ఎవరూ రాలేదు. ఆడవాళ్ళ గోడ నుంచి పటేలు మంచానికి పది అడుగులుంటాయి. నడిచాను.

"నేనే పటేలా. కంకులు కాల్చిన. నేనే."

ఎవరో నవ్వారు. "ఎవలో నేర్పి పంపిన్రు" అన్నారు ఇంకెవరో. పటేలు నన్ను ఎగాదిగా చూసి నాయనను అడిగాడు.

"ఏందిరా, నీ బిడ్డ ఏమంటుంది? దయ్యం గియ్యం పట్టిందా?"

అదొక తలుపు. 'అవును పటేలా, జరం వచ్చి ఏదేదో మాట్లాడుతుంది' అంటే చాలు, మేము బతికిపోతాం. నాయన నా ముఖం చూశాడు. మూడు రోజుల్లో మొదటిసారి సూటిగా చూశాడు. తలగుడ్డ తీసి నేలమీద పెట్టాడు.

"దయ్యం పట్టింది నాకు పటేలా. బిడ్డ చెప్పింది నిజం. నేను కళ్ళంల లేను. దాన్ని పెట్టి చర్చికి సున్నం వెయ్యబోయిన. భయానికి అబద్ధం చెప్పిన. ముసలాయనది ఏం తప్పు లేదు."

పక్కింటి పిల్ల పేరు నేను చెప్పలేదు. అది ముందుకు రాలేదు.

పటేలు కర్ర ఎత్తాడు. కొట్టలేదు. మంచం మీద నుంచి లేచి, "రేపటి సంది నా చేన్ల నీ నీడ పడొద్దు" అని వెళ్ళిపోయాడు. నాయన తాత దగ్గర కూర్చుని కట్టు విప్పబోయాడు. తాత చేతులు వెనక్కి లాక్కున్నాడు. ఇంకొకరు వచ్చి విప్పేదాకా అట్లాగే ఉన్నాడు. నా వైపు చూసి తంగీ అంటాడని ఎదురుచూశాను. అనలేదు. మణికట్లు రుద్దుకుంటూ బందెలదొడ్డి వైపు నడిచాడు. వారం తిరగకుండానే మేకలు తోలుకుని ఊరు విడిచిపోయాడు.

ఆ ఆదివారం ఇనుప ముక్క ఇంకెవరో కొట్టారు. నాయన వాక్యం చదవలేదు, చెప్పులు విడిచే చోట కూర్చున్నాడు. నేను ముందు వరసలో మోకరించాను. నా పక్కన పక్కింటి పిల్ల, నా వైపు చూడకుండానే రొట్టె అందుకుంది. చాలా ఏళ్ళు దాని మీద నాకు కసి ఉండేది. ఇప్పుడు లేదు. దానికీ పదమూడేళ్ళే కదా. పాస్టరుగారు రొట్టె పళ్ళెంతో చివరిదాకా నడిచి నాయన దగ్గర ఆగారు. నాయన తల అడ్డంగా ఊపాడు. తప్పు చేసిన మనిషితో సమాధానపడకుండా ఆ రొట్టె తీసుకోకూడదని మాకు చెప్పేవారు.

పటేలు వద్దన్న మనిషిని ఊళ్ళో ఎవరూ పనికి పిలవలేదు. ఎండాకాలం రాకముందే జహీరాబాద్ చేరాం. నాయన మార్కెట్లో అల్లం, ఆలుగడ్డల బస్తాలు మోశాడు. ఒక్క గదిలో అయిదుగురం. వాన వస్తే అవ్వ కూర్చునే నిద్రపోయేది. సరైన దారి పట్టినవాళ్ళకు అంతా మంచే జరుగుతుందని ఎవరన్నా అంటే నేను వాదించను, కానీ ఆ గది గుర్తొస్తుంది. ఇప్పుడు ఆ ఊళ్ళో కళ్ళాలు లేవు. కంది కోసి కొట్టే మిషన్లు రోడ్డు మీదికే వస్తున్నాయి. చావడి ఉన్నచోట ఏదో షెడ్డు లేచింది.

నాయన మాత్రం ఆ వేసవి అంతా ఒకటే పని పెట్టుకున్నాడు. బస్తాలు లేని రోజున న్యాల్‌కల్ దిక్కు నడిచిపోయేవాడు. తాత చెల్లెలి ఊరు అటెక్కడో ఉందని విన్నాడు. మొదటిసారి దొరకలేదు. రెండోసారి దూరం నుంచి కనిపించాడు, కానీ నాయనను చూసి మందను మళ్ళించుకుపోయాడు. మూడోసారి పోయిన రోజు నాయన పొద్దుగూకాక ఇంటికొచ్చాడు, మోకాళ్ళ దాకా దుమ్ముతో.

"దొరికిండా?" అన్నది అవ్వ.

"దొరికిండు."

"ఏమన్నడు?"

నాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "మేకలకు నీళ్ళు చేదుమన్నడు. చేదిన."

అంతకుమించి ఎన్నడూ చెప్పలేదు. తర్వాతి ప్రభు బల్ల నాడు, ఎవరికీ మేమెవరో తెలియని ఆ టౌను చర్చిలో, నాయన లేచి ముందుకు నడిచాడు. ఆయన వెనకే నేను. అప్పటి నుంచి ఇప్పటిదాకా ఎన్నిసార్లు మోకరించానో లెక్కలేదు. నాకు మాత్రం నాయన భుజం పక్కన మోకరించి తీసుకున్న ఆ ముక్కే మొదటిది.